గాజు మీది గీత

పరకాల తహసీలాఫీసుల మూడో రూము.
కిటికీ అవతల సీతాఫలం చెట్టు,
ఇవతల నేను, స్కానరు.
నాది కాంట్రాక్టు కొలువు.
దాని వారంటీ నేను చేరకముందే ఒడిసింది.

పొద్దుగాల మూత లేపి
పాత బనీను పేలికతోని అద్దం తుడుస్త.
బనీను ఎవలిదో అటెండరు ఓదెలు మామ చెప్పడు.
కాయితాన్ని బోర్ల పండవెట్టాలె,
జొన్నరొట్టెను పెంక మీద ఏసినట్టు
రెండు చేతులతోని, ముడుత రాకుంట,
మూలకు మూల ఆనిచ్చి.
మూత వడంగనె లోపల ఎలుగు నడుస్తది
దోమతెరల టార్చిలైటు వట్టుకొని
ఎవలో తాళంచెవి దేవులాడినట్టు
ఈ కొస నుంచి ఆ కొసకు,
దొరకక, మళ్ల ఎనుకకు.

కాయితానికి రెండొందల డీపీఐ చాలు.
ఫొటోకు ఆరొందలు పెడ్త.
మనిషి మొఖం మీద
ఎలుగు జర నిమ్మళంగ నడుస్తది.

ఉర్దూ నాకు రాదు.
ఏది తలనో ఏది కాళ్లో
బషీరొద్దీన్ సాబు చూసి నవ్విందాక తెలువక
ఒక ఊరి సేత్వారు మొత్తం
తలకిందులుగ ఎక్కించిన.
"ఏం కాదు బిడ్డా,
ఆ భూములు గూడ చానసార్లు తలకిందులైనయి" అన్నడు.

మక్తపల్లి సారమ్మ తెచ్చిన ఫొటో
ఫ్రేము అద్దానికి అతుక్కపోయింది.
గుంజితే మొఖం అద్దానికే ఉంటది.
అట్లనే పెట్టిన, అద్దం మీద అద్దం.
మనిషి మసకమసకగ దూరం జరిగిండు.
ఆమె స్క్రీను దిక్కు చానసేపు చూసి
"లగ్గం నాడు గూడ గింతే దూరం నిలవడ్డడు,
గిదే ఇయ్యి" అన్నది.

ఆయన నుదురు మీదనే మొదలు చూసిన ఆ గీత.
వెంట్రుకనుకొని తుడిసిన. పోలె.
గోరుతోని గీకిన. పోలె.
ఎవలి దరఖాస్తుకో పీకని స్టాప్లరు పిన్ను
గాజును కోసి పోయింది.
ఆనాటి సంది
కులం సర్టిఫికెట్ల మీద, చావు కాయితాల మీద,
పెద్దసారు బదిలీ ఆర్డరు మీద
అదే తావుల, జానెడు, సన్నగ.
ఎవ్వలు అడగలె.
నా సంతకం ఏ కాయితం మీద ఉండదు గద,
ఇదన్న ఉండనియ్యి అనుకున్న.

మక్తపల్లి నక్ష ఎక్కించిందాక.

నెల తిరగకముందే మొగిలి, బుచ్చయ్య
ఒకల మీద ఒకలు లేసుకుంట వచ్చిన్రు.
"అగో, బండ్లబాట! మా తాత చెప్పంగ ఇన్న,
వీని పత్తిచేన్లకెల్లే ఉండె!"
ప్రింటు మీద, నిజమే,
రెండొందల పదిహేడు నంబరుల
నిటారుగ ఒక బాట.
సర్వేయరు గొలుసు వట్టుకొని పోయి
పొద్దూకినంక వచ్చిండు
ప్యాంటు నిండ పల్లేరుకాయలతోని.
"రేపు ఇంకోపారి చూడాలె" అన్నడు.

నాకు ఆ రాత్రి నిద్ర రాలె.
తెల్లారి అందరి ముంగట
నక్షను కింది కొస మీదికి తిప్పి పెట్టిన.
ఎలుగు నడిచింది.
బాట బుచ్చయ్య చేన్లకెల్లి లేచి
మొగిలి చెల్కల, సరిగ బాయి నడుమ వడ్డది.
ఎవ్వలు మాట్లాడలె.
ఓదెలు మామే ముందుగాల నవ్విండు,
జర ఆగి బుచ్చయ్య.
మొగిలి మాత్రం అద్దం మీద ఏలు వెట్టి
గీతను తడిమి తడిమి చూసిండు,
అటు కొస ఎక్కడికి పోతదో అన్నట్టు.

కొత్త అద్దం కావాలని రాసిన కాయితం
హన్మకొండకు పోయింది.
దాని మీద గూడ గీత ఉన్నది.

మొన్న మేనత్త ఊరికి పోతాంటే
మక్తపల్లి కాడ బస్సు ఆగింది.
సర్వేయరు, గొలుసు వట్టిన పోరగాడు,
ఎంబడి సగం ఊరు
ఒక్కనాడు తొక్కిన కాడ పత్తి మళ్ల లేవలె.
సారమ్మ మేకలు
అండ్లకెల్లే, ఒకదాని ఎనుక ఒకటి,
పోతున్నయి.